బొట్టు కింద నెంబరు

ఈ కారు ఎందుకు అమ్మవు అని నన్ను అడగని మనిషి ఎమ్మిగనూరులో లేడు. నా జవాబు విన్న మనిషి కూడా లేడు. అడుగుతారు, నేను నోరు తెరుస్తాను, అంతలో వాళ్ళ ఫోను మోగుతుంది. లేదా వాళ్ళకు తెలిసిన ఇంకెవరో కొన్న కొత్త కారు సంగతి గుర్తొస్తుంది. పదేళ్ళుగా ఇదే వరస. పెళ్ళిళ్ళలో అడిగినారు, టీ అంగడి ముందర అడిగినారు, ఒకాయన చావింటి దగ్గర పాడె కడుతూ కడుతూ అడిగినాడు. ముప్పై రెండేళ్ళు బడిలో లెక్కలు చెప్పినవాణ్ణి. నేను బోర్డు మీద రాసింది నలభైమంది పిల్లలు తలెత్తి చూసేవాళ్ళు. రిటైరైనాక నా మాట పూర్తిగా విన్నవాళ్ళు ఎవరని లెక్కపెడితే ఒక చేతి వేళ్ళు మిగిలిపోతాయి.

అందుకని రాస్తున్నాను.

ఆ కారు ఇప్పుడు మా ఇంటి ముందర కదలకుండా నిలబడి ఉంది. ఇంజిన్ బాగుంది, టైర్లు బాగున్నాయి, కాగితాలకే గడువు దాటింది. పదిహేనేళ్ళు దాటిన బండికి రిజిస్ట్రేషన్ మళ్ళీ చేయించుకోవాలి. చేయించుకోకుండా రోడ్డెక్కితే తప్పు. ఎప్పటికీ చేయించుకోలేకపోతే అది పాత ఇనుము కింద పోవాల్సిందే. అట్లా పోకుండా చూడడమే ఏడాదిగా నా పని. ఎవరి తప్పు వల్ల ఇంతదూరం వచ్చిందో కూడా చెబుతాను. ఆ ఒక్క ముక్క చెప్పడానికే నాకు ఎక్కువ కాలం పట్టింది.

ముందు మా బామ్మర్ది సంగతి. నా భార్యకు తమ్ముడు, ఆదోనిలో పత్తి వ్యాపారం చేస్తాడు. మనిషి చెడ్డవాడు కాదు. కానీ ఎనిమిదేళ్ళ కిందట వాడి కొత్తింటి గృహప్రవేశం నాడు జరిగింది నేను మరచిపోలేదు. వాడు మరచిపోయినాడు, అదే నా బాధ. పొద్దున ఏడింటికే పోయి గేటు పక్కన కారు ఆపినాను. నా భార్య పళ్ళెం పట్టుకొని ఇంకా దిగనేలేదు, వాడు పరుగున వచ్చినాడు. ఎదురొచ్చి పిలుస్తాడనుకున్నాను.

"బావా, ఫోటోలు తీస్తాండారు. నీ బండి రవ్వంత ఆ సందులోకి పెట్టుకో."

"ఈడుంటే ఏమైతాది?"

"గేటు ముందర కొత్తది ఉంటే బాగుంటాది కదప్పా."

వాడు అంతకు వారం ముందే పెద్ద తెల్ల కారు కొన్నాడు. దానికి పూలదండ వేసి గేటు ముందర నిలబెట్టినారు. నేను సందులోకి పోయి గుంజకు కట్టేసిన ఎవరిదో ఎనుము పక్కన నా కారు పెట్టి వచ్చినాను. ఆ రోజు నేను భోజనం చేసినాను, పాయసం కూడా రెండోసారి వేయించుకున్నాను. ఎవరికీ ఏమీ తెలియనీయలేదు.

అదే మనిషి ఆ ఏడు దసరాకు ఫోన్ చేసినాడు.

"బావా, బండి ఒక దినం కావాల."

"నీదేమైంది?"

"దేవరగట్టు కట్టెల జాతరకు పోతాండాము. ఆడికి కొత్త బండి ఎవురన్నా తీస్కపోతారా? కట్టెలు పట్టుకోని జనం మీదికొచ్చేస్తారు. ఒక్క గీత పడితే నా పానం పోతాది."

"నాదానికి పడితే?"

"నీదానికి ఇంగ యాడ సందుందప్పా గీత పడనీకి."

నవ్వుతూ అన్నాడు. నేను తాళాలిచ్చినాను. తిరిగి ఇచ్చినప్పుడు సీట్ల నిండా బండారు, అంటే అక్కడ చల్లే పసుపు. మూడు రోజులు దులిపినాను. ఇప్పటికీ వెనక సీటు మడతలో చెయ్యి పెడితే గోళ్ళకు పచ్చగా అంటుకుంటుంది.

జనం పాత కారు ఎందుకు పెట్టుకుంటారో అని ఆశ్చర్యపోయేవాళ్ళకు నేను చెప్పే మొదటి కారణం ఇదే. కొత్తది కొన్నవాళ్ళకు కూడా పాతది కావాలి. వాడుకోవడానికి. సి.బెళగల్ వైపు నా దగ్గర చదువుకున్న రైతు ఒకతను ఉన్నాడు. అతని జీపు వయసు అతని పెద్ద కూతురి వయసుకన్నా ఎక్కువ. ఒకసారి నేనే నోరు జారి, కొత్తది కొనవచ్చు కదా అన్నాను.

"కొనొచ్చు సార్. కొంటే మిరపకాయ మూటలు నెత్తిన పెట్టుకోని దాని ఎనకాల నేను నడవాల."

అతని మాటలో నిజముంది. వానాకాలం మా వైపు నల్లరేగడి చక్రాలకు అంటుకుంటే బంక మాదిరి సాగుతుంది. ఎండాకాలం దుమ్ము. పెళ్ళికి పోయినా పొలానికి పోయినా అదే బండి. ఎనిమిది మందిని కూర్చోబెట్టుకొని, కాళ్ళ దగ్గర సజ్జల మూట పెట్టుకొని పోవడానికి కొన్న బండిని జనం కొత్త అల్లుడి మాదిరి చూసుకోలేరు. ఎక్కడ సొట్ట పడిందో, ఏ తలుపు కాస్త ఎత్తి వేస్తే పడుతుందో, ఏ గుంతలో ఏ చప్పుడు వస్తుందో తెలిసిన బండిని వదిలి, ఏమీ తెలియనిదాన్ని తెచ్చుకొని మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాలంటే ఒక వయసు దాటినాక మనిషికి విసుగు. దీన్ని పిసినారితనం అంటారు. అననీ.

నేను కొత్తది చూడనే లేదని కాదు. ఆరేళ్ళ కిందట కర్నూలులో ఒక షోరూముకు నేనూ నా భార్యా పోయినాము. మెడలో టై కట్టుకున్న సేల్స్ ఆయన ఒకరు వచ్చినారు. నన్ను చూసి, నా వెనక చూసి, "ఎవరికి సార్, మీ అబ్బాయికా?" అన్నారు. నాకే అన్నాను. అప్పటినుంచి ఆయన నా భార్యతోనూ నాతోనూ కాకుండా ఆ కారుతోనే మాట్లాడినట్టు మాట్లాడినారు. అద్దం మాదిరి ఉన్న తెర మీద వేలు పెట్టి పాటలు చూపించినారు, పటాలు చూపించినారు.

"బానెట్ తెరవండి" అన్నాను.

"దాంతో మీకు పని ఉండదు సార్. అన్నీ సర్వీస్‌లో చూసుకుంటారు."

"నాకు పని ఉంది, తెరవండి."

తెరిచినారు. లోపల ఇంజిన్ కనబడలేదు. అంతా నల్లటి ప్లాస్టిక్ మూత. నా భార్య ముందుకు వంగి చూసి మెల్లగా అడిగింది, "మరి దీనికి బొట్టు యాడ పెట్టాల?"

ఆయన నవ్వినారు. పక్కనున్న ఇంకొకాయనకు చెప్పి ఇద్దరూ నవ్వినారు. నేను బయటికి వచ్చేసినాను. టీ తాగి పొమ్మన్నారు, తాగలేదు. నా భార్యను చూసి నవ్వినారని నాకు కోపం. ఆ కోపం ఈరోజుకీ ఉంది. కానీ ఆమె అడిగింది తిక్క ప్రశ్న కాదు. మా ఇంట్లో అది ఏటా దసరాకు వచ్చే ప్రశ్న. ఆ ప్రశ్నలోనే నా కారు కథ అంతా ఉంది.

మహర్నవమి నాడు ఆయుధపూజ. ఇంట్లో పనిచేసే ఇనుమంతా కడిగి బొట్టు పెట్టాలి. కత్తిపీటకు, కుట్టుమిషనుకు, అప్పట్లో నా స్కూటరుకు ఎక్కడ పెట్టాలో ఆమెకు తెలుసు. కారు కొన్న సంవత్సరం పళ్ళెం పట్టుకొని దాని ముందర నిలబడి, "దీనికి యాడ పెట్టాల?" అని అడిగింది. అందరూ బానెట్ మీదా చక్రాల మీదా పెడతారు. నేను బానెట్ ఎత్తినాను. ఇంజిన్ వెనక, అద్దం కిందుగా, ఇనుప ఒంటి మీద అచ్చుకొట్టిన నెంబరు చూపించినాను. దాన్ని ఛాసిస్ నెంబరు అంటారు. బండి పుట్టినప్పుడు కొట్టేది.

"ముందూ వెనకా ఉండే నెంబరు పలకలు మార్చొచ్చు. రంగు మార్చొచ్చు. ఇది మాత్రం మారదు. దీని జన్మనామం ఇది. పూజ చేసేది పేరుకే కదా, ఈడ పెట్టు" అని పాఠం చెప్పినట్టు చెప్పినాను. నాకు ఆ మాట చాలా నచ్చింది. చూడవచ్చిన ఇరుగుపొరుగుకు కూడా మళ్ళీ చెప్పినాను.

ఆమె పొట్టి మనిషి. చెయ్యి అందక పీట తెచ్చుకొని ఎక్కింది. తడి గంధం, దాని మీద పసుపు, దాని మీద కుంకుమ, ఆపైన కొబ్బరినీళ్ళు నాలుగు చుక్కలు. ఆ తర్వాత ప్రతి ఏడూ అట్లే. కారు కడిగేవాళ్ళకు నేనే చెప్పేవాణ్ణి, ఆడ మాత్రం తుడవొద్దు అని.

ఆదోనిలో మా కారు మేస్త్రీ గురించి కూడా చెప్పాలి. పత్తి మిల్లు వెనక ఆయన షెడ్డు. గాలికి దూది ఎగిరివచ్చి ఆయన చేతుల నూనెకు అంటుకుంటుంది, చలికాలం పొద్దున చూస్తే తెల్ల బొచ్చు మొలిచినట్టు ఉంటుంది. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకొని కళ్ళు మూసుకుంటాడు. "సార్, మూడోది దగ్గుతాంది" అంటాడు. విప్పి చూస్తే మూడో సిలిండరే. నా బండికి ఏమైనా అయితే ఏమైందో నాకు చూపించి, పాడైన సామాను నా చేతిలో పెట్టి, ఎందుకు పాడైందో చెప్పే మనిషి. కొత్త బండ్ల వాళ్ళు కాగితం చేతిలో పెడతారు. ఆయన కోసమే చాలామంది పాత బండ్లు పెట్టుకున్నారని నా అనుమానం. ఆయన ఉన్నన్నాళ్ళు నడుస్తాయి.

పదిహేనేళ్ళు నిండవస్తున్నాయని పోయిన ఎండాకాలం ఆయన వారం రోజులు కూర్చొని బండిని సిద్ధం చేసినాడు. బ్రేకులు, లైట్లు, హారన్, అద్దాలు, పొగ. తర్వాత నేనూ, నా భార్యా, మేస్త్రీ కలిసి బండ్ల ఆఫీసుకు పోయినాము. అది ఏ ఊళ్ళో ఉందో రాయను, వాళ్ళకు తెలుసు. పని అయిపోగానే మంత్రాలయం పోదామని నా భార్య బుట్టలో కొబ్బరికాయ, పూలు పెట్టుకొని వచ్చింది.

తనిఖీ చేసే ఆయన నడివయసు మనిషి. బ్రేకు తొక్కి చూసినాడు, చుట్టూ తిరిగినాడు, స్టార్ట్ చేయించి విన్నాడు. "బండి బాగా పెట్టుకున్నారు సార్" అన్నాడు. పదేళ్ళలో ఆ మాట అన్న మొదటి మనిషి. నాకు ఎంత సంతోషమైందంటే మేస్త్రీ భుజం మీద చెయ్యి వేసినాను.

"ఛాసిస్ నెంబరు చూపించండి" అన్నాడాయన. నెంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు అచ్చు పడతాయి. ఆ అచ్చు రికార్డులో ఉన్నదానితో కలవాలి. మేస్త్రీ బానెట్ ఎత్తినాడు. నెంబరు ఉండాల్సిన చోట అరచేయంత కుంకుమ, పెచ్చు కట్టి ఉంది.

"తుడువప్పా" అన్నాడు తనిఖీ ఆయన.

మేస్త్రీ నా వైపు చూడలేదు, నా భార్య వైపు చూసినాడు. "అమ్మా, తుడచల్నా?"

ఆమె తల ఊపింది. ఆయన నూనె గుడ్డ పక్కన పెట్టి, జేబులోంచి తన చేతిగుడ్డ తీసినాడు. దాన్ని కిరసనాయిల్లో ముంచి తుడిచినాడు. ఎరుపు, దాని కింద పసుపు, దాని కింద మళ్ళీ ఎరుపు. పొర మీద పొర. అన్నీ పోయినాక కింద గోధుమరంగు తుప్పు. కాగితం పెట్టి రుద్దితే మొదటి ఎనిమిది అక్షరాలు వచ్చినాయి, చివరి మూడు అంకెలు వచ్చినాయి. నడుమ జొన్నరొట్టె మీద మచ్చల్లాగా ఏవో గుంతలు.

"ఈడ పూజగది పెట్టుకున్నారా ఏంది పెద్దాయనా" అన్నాడు తనిఖీ ఆయన. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వినారు. రెండు నిమిషాల ముందు సార్‌ను, ఇప్పుడు పెద్దాయన్ని. "ఎవరు చేసినారు ఈ పని?"

అప్పుడు నేనొక మాట అన్నాను.

"ఇంట్లో ఆడవాళ్ళు, తెలియక చేసినారు."

ఆమె నాకు రెండడుగుల దూరంలో బుట్ట పట్టుకొని నిలబడి ఉంది. కొంగు సరిచేసుకుంది. తనిఖీ ఆయన పుస్తకం మూసి, నెంబరు మళ్ళీ కొట్టించుకోవడానికి పైనుంచి అనుమతి రావాలి, అర్జీ పెట్టుకోండి అన్నాడు. మంత్రాలయం పోదామా అని నేను అడిగితే, "ఇంటికి పోదాం" అంది. దారిలో మేస్త్రీని దింపినప్పుడు ఆయన కిటికీ దగ్గర వంగి అన్నాడు.

"పదైదేండ్లు దాని పక్కనే చెయ్యి పెట్టి పనిచేసినా సార్. ఒక్క దినం తగల్నీలే. దేవునిది కదా, నేనెట్ల తాకేది అని. తాకింటే బాగుండు."

ఆయన కూడా తప్పు తన మీద వేసుకోవడానికి చూసినాడు. నాకు అప్పటికీ బుద్ధి రాలేదు.

అర్జీ పెట్టినాను. అందులో ఒక గడి ఉంది, నష్టానికి కారణం అని. "ఇంటివారి అవగాహన లోపం" అని రాసినాను. నెల తర్వాత పోతే పైకి పంపినాం అన్నారు. పైన ఉండే ఆఫీసుకు పోతే కింద నుంచి రాలేదన్నారు. మళ్ళీ రాసినాను, అదే కారణం. మూడోసారి వేరే కౌంటర్‌కు పంపినారు, అక్కడ కూర్చునే ఆమె సెలవులో ఉంది. ఆమె వచ్చినాక అర్జీ తీసుకొని, రసీదు అడిగితే, "అన్నిటికీ రసీదు ఏం చేసుకుంటారు" అన్నది. రసీదు లేకుండా నేను కదలనని ఒక గంట నిలబడినాను. ఇచ్చింది. మూడింటి రసీదులూ నా దగ్గర ఉన్నాయి, జవాబు ఒక్కటీ లేదు.

ఈలోగా గడువు దాటిపోయింది. కారు ఇంటి ముందర నిలిచిపోయింది. నాకు ఇంట్లో కాలు నిలవలేదు. పొద్దున లేస్తానే పోయి స్టార్ట్ చేసేవాణ్ణి, ఐదు నిమిషాలు ఆడించి ఆపేసేవాణ్ణి. అట్లా ఆడించకపోతే బ్యాటరీ చచ్చిపోతుంది. పక్కింటివాళ్ళు పొగ అని తలుపు వేసుకునేవాళ్ళు. టైరు ఒకేచోట నొక్కుకుపోకుండా మూడడుగులు ముందుకు, మూడడుగులు వెనక్కు జరిపేవాణ్ణి. ఆ మూడడుగుల కోసం సీటులో కూర్చొని, అద్దం సరిచేసుకొని, బెల్టు కూడా పెట్టుకునేవాణ్ణి. ఆపైన బస్సెక్కి ఆదోనికి పోయి మేస్త్రీ షెడ్డులో బల్ల మీద కూర్చునేవాణ్ణి. లేచి నిలబడేవాణ్ణి, మళ్ళీ కూర్చునేవాణ్ణి.

"సార్, మీరు ఇంటికి పొండి. మిమ్మల్ని చూస్తా నేను బోల్టు తప్పు బిగిస్తాండా" అన్నాడు ఒకరోజు.

మా బామ్మర్ది రెండు సలహాలిచ్చినాడు. ఒకటి, "బావా, పాత ఇనుముకు ఇచ్చెయ్యప్పా, గౌరవంగా పోతాది." రెండోది గొంతు తగ్గించి చెప్పినాడు. ఎవరో ఒకాయన ఉన్నాడట, నడుమ పోయిన అంకెలు గుద్దిపెడతాడట, ఎవరికీ తెలియదట. అది మేస్త్రీకి చెప్పినాను, అప్పుడు నాకు కొంచెం ఆశ కూడా కలిగింది, దాచిపెట్టను. ఆయన చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు.

"గుద్దేది రెండు నిమిషాల పనే సార్. కానీ అది దొంగబండికి చేసే పని. మనది మనదే కదా. రేషన్ అంగడి కాడ ముసలోళ్ళు వేలు పెడితే మిషన్ పట్టదు. కలుపు తీసి తీసి గీతలు అరిగిపోయింటాయి. అట్లని ఇంగొకరి వేలు పెట్టిస్తారా?"

అంతటితో ఆ ఆశ పోయింది. కాగితం మీద అనుమతి వస్తేనే నెంబరు కొట్టించేది, లేకపోతే లేదు.

దసరా వచ్చింది. మహర్నవమి పొద్దున నా భార్య ఎప్పటిలాగే అన్నీ కడిగింది. కత్తిపీట, కుట్టుమిషను, గ్రైండరు, ఇనుప పెట్టె, కొడవలి, చివరికి బావి దగ్గర పాత గిలక కూడా. ఒక్కొక్కదానికి బొట్టు పెట్టి, హారతి ఇచ్చి, పళ్ళెం తీసుకొని లోపలికి పోయింది. కారు దగ్గరికి రాలేదు. నేను బానెట్ ఎత్తి పెట్టి, పీట కూడా తెచ్చి వేసి నిలబడి ఉన్నాను. కాసేపు చూసినాను. లోపలికి పోయినాను.

"కారుకు?" అన్నాను.

"నేను తెలియని ఆడదాన్ని. యాడ పెట్టాల్నో నాకేం తెలుసు" అంది. గొంతు పెంచలేదు. పప్పులో తిరగమాత వేసి, ఆవాలు చిటపటమంటుంటే మూత పెట్టింది.

ఆమె ఆర్నెల్లుగా నాతో మాట్లాడుతూనే ఉంది. అన్నం పెడుతూనే ఉంది, బీపీ మాత్రలు గుర్తుచేస్తూనే ఉంది. నేను అంతా మామూలే అనుకున్నాను. గృహప్రవేశం నాడు నేను రెండోసారి పాయసం వేయించుకుంటే మా బామ్మర్ది ఏమనుకున్నాడో, ఆర్నెల్లు నేనూ అదే అనుకున్నాను.

నేను బయటికి వచ్చి బానెట్ మూసినాను. పీట లోపల పెట్టినాను. వీధి చివరిదాకా నడిచినాను, వెనక్కు వచ్చినాను, మళ్ళీ పోయినాను. ఆ సాయంత్రం నాలుగో అర్జీ రాయడానికి కూర్చున్నాను. కారణం అన్న గడి దగ్గర కలం ఆగిపోయింది. గడిలో పట్టదని వేరే కాగితం తీసుకున్నాను. ఆ చోట పూజ చేయమని చెప్పింది నేనే అని రాసినాను. అందరి మాదిరి బానెట్ మీద పెట్టనీయకుండా, తెలివి చూపించుకోవడానికి చెప్పినానని రాసినాను. తుడవొద్దని కడిగేవాళ్ళకు చెప్పింది కూడా నేనే. ముందు మూడు అర్జీలలో తప్పు నా భార్యదని నేను రాసింది అబద్ధం, దాన్ని వెనక్కు తీసుకుంటున్నాను అని రాసినాను.

ఆమెకు ఇచ్చినాను. కళ్ళద్దాలు తెచ్చుకొని, వంటింటి గడప దగ్గర నిలబడి రెండుసార్లు చదివింది.

"ఒక మాట తక్కువుంది" అంది.

"ఏం మాట?"

"రెండో సంవత్సరం నేను అడిగినాను. ఇనుము కదా, ఏటా తడి పెడితే తుప్పు పట్టదా అని. మీరేమన్నారో గుర్తుందా?"

గుర్తులేదన్నాను.

"బడిలో పాఠం చెప్పేది నేనా నువ్వా అన్నారు. పక్కింటామె కూడా ఉండె. ఆమె నవ్వింది."

నేను ఎవరు ఎప్పుడు ఏమన్నారో మరచిపోని మనిషిని. ఏ పెళ్ళిలో ఏ వరసలో కూర్చోబెట్టినారో, ఏ హెడ్మాస్టరు ఏ మీటింగులో నా మాటకు అడ్డం పడినాడో, ఏ షోరూములో ఎవరు నవ్వినారో చెప్పగలను. ఇది మాత్రం నా దగ్గర లేదు. ఎంత వెతికినా లేదు. ఆ పీట గుర్తుంది, ఆమె కట్టుకున్న చీర అంచు గుర్తుంది, కొబ్బరినీళ్ళు గుర్తున్నాయి. ఆ ప్రశ్న లేదు, ఆ జవాబు లేదు. ఆమె అబద్ధం చెబుతుందని నేను ఒక్క క్షణం కూడా అనుకోలేదు. అట్లాంటి మాట నేను అని ఉంటాను. నా గొంతు నాకు తెలుసు.

కాగితం తీసుకొని కింద మిగిలిన చోట ఆ మాట కూడా రాసినాను. తుప్పు పడుతుందని ఆమె ముందే హెచ్చరించింది, నేను వినలేదు, నలుగురిలో తక్కువ చేసి మాట్లాడినాను. సంతకం పెట్టినాను. కింద సాక్షి అన్న చోటు ఖాళీగా ఉంది. ఎవరితో పెట్టించాలా అని నేను ఆలోచిస్తుంటే ఆమె కలం అడిగి తీసుకొని తన పేరు రాసింది.

పండగ సెలవులు అయిపోగానే ఇద్దరమూ బస్సులో పోయినాము. కౌంటర్‌లో కొత్త ఆయన ఉన్నాడు. కాగితాలు తిరగేసి, రెండోదాన్ని పక్కకు నెట్టినాడు.

"ఇదెందుకు పెద్దాయనా? ఎవరు చేస్తే మాకేంది. నెంబరు లేదు, అంతే కదా."

"మీ గడిలో అడిగినారు. అడిగినదానికి రాసినాను. ఫైల్లో పెట్టండి."

"దీంతో పని లేదప్పా."

"పని ఉంది" అంది నా భార్య. "ముద్ర వేయండి."

ఆయన ఆమె వైపు చూసినాడు, నా వైపు చూసినాడు, వెనక వరసలో ఉన్నవాళ్ళ వైపు చూసినాడు. రెండు కాగితాల మీదా ముద్ర వేసినాడు.

అది జరిగి నాలుగు నెలలైంది. కారు ఇంకా మూడడుగులు ముందుకు, మూడడుగులు వెనక్కు పోతూ ఉంది. బ్యాటరీ ఒకసారి మార్చినాను. కొన్ననాటి బిల్లు ఉంది, కంపెనీవాళ్ళు ఇచ్చిన కాగితంలో పూర్తి నెంబరు ఉంది, ఇంజిన్ మీది నెంబరు చెక్కుచెదరకుండా ఉంది. అన్నీ కలుస్తున్నాయి. అది నా బండే అని ఊళ్ళో చూడనివాళ్ళు కూడా హారన్ విని చెబుతారు. వాళ్ళు చెప్తే చాలదు, మీరు చెప్పాలి.

ఆ ఆఫీసులో పైన ఉన్నవారు కానీ, కింద ఉన్నవారు కానీ ఇది చదివితే, నేను దయ అడగడం లేదని తెలుసుకోండి. మీరు అడిగింది ఒక్క ప్రశ్న, కారణం ఏమిటని. మూడుసార్లు తప్పు చెప్పినాను, నాలుగోసారి నిజం రాసి, నా ఇంటి మనిషి చేత సాక్షి సంతకం పెట్టించి ఇచ్చినాను. నేను అడిగేది కూడా ఒక్కటే. ఆ నెంబరు మళ్ళీ కొట్టించుకోవచ్చునా, కూడదా? కూడదంటే కూడదనే రాయండి, ఎందుకు కూడదో రాయండి, కింద ఎవరైనా ఒకరు సంతకం పెట్టండి. పైకి పంపినాం అన్న మాట మాత్రం మళ్ళీ చెప్పొద్దు. ఈ సోమవారం మేమిద్దరం వస్తాము. ఏ కౌంటర్‌లో, ఎవరు జవాబిస్తారో చెప్పండి.